ట్యూబ్ ప్రీఆంప్‌కి ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్: 1:5 వేయాలా, 1:10 వేయాలా?

బరంపురం, పర్లాకిమిడి వైపు ఇంట్లోనే రికార్డింగ్ గది పెట్టుకుని, పాత తరహా ట్యూబ్ ప్రీఆంప్ (మైకు సిగ్నల్‌ని పెంచే పెట్టె) సొంతంగా కట్టుకునే మనవాళ్ళు చివరికి ఆగిపోయేది ఇక్కడే: మైకుకీ మొదటి ట్యూబ్‌కీ మధ్య పెట్టే ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల నిష్పత్తి ఎంత ఉండాలి?

గెయిన్ (సిగ్నల్ పెరుగుదల): 1:10 అయితే 20 డీబీ (డెసిబెల్స్), 1:5 అయితే 14. రెండూ ట్యూబ్ హిస్ (బుస్సుమనే రొద) కలవకముందే దొరికే గెయిన్. సన్నని సిగ్నల్ ఇచ్చే రిబ్బన్ మైకు ముందు మెల్లగా పాడే గొంతుకి ఆ 6 డీబీ తేడా చాలా పెద్దది.

ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు): అసలు తిరకాసు ఇదే. ఇది నిష్పత్తి వర్గం చొప్పున మారుతుంది. 150 ఓమ్‌ల మైకు 1:10 అవతల 15,000 ఓమ్‌లుగా, 1:5 అవతల 3,750గా కనిపిస్తుంది. 12ఏఎక్స్7 ట్యూబ్ గ్రిడ్ (సిగ్నల్ లోపలికెళ్ళే కాలు) దగ్గర మిల్లర్ కెపాసిటెన్స్ (ట్యూబ్ గెయిన్ వల్ల పెరిగి కనిపించేది, పై ఫ్రీక్వెన్సీలను తగ్గించేది) సుమారు 100 పికోఫారడ్లు ఉంటుంది. మైకు వైపు నుంచి చూస్తే అది 1:10లో 100 రెట్లు, 1:5లో 25 రెట్లే. పెద్ద నిష్పత్తిలో పై ఫ్రీక్వెన్సీలు నిలబడాలంటే చుట్టడంలో పనితనం కావాలి. చవక 1:10 కంటే మంచి 1:5 నయం.

ఓవర్‌లోడ్: డప్పుకి దగ్గరగా మైకు పెడితే 1:10 ట్యూబ్‌ని ముంచేస్తుంది. ప్యాడ్ (సిగ్నల్‌ని తగ్గించే సర్క్యూట్) తప్పదు.

ఖర్చు: జెన్సెన్ జేటీ-115కే-ఈ (1:10), లుండాల్ ఎల్‌ఎల్1538 (1:5) రెండూ విదేశీ సరుకే. కస్టమ్స్ కూడా లెక్కేసుకోండి.

హమ్ (కరెంటు గూంయ్ మోత): ఏది కొన్నా పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా బిగించాలి.

రిబ్బన్ మైకులు, నెమ్మది గొంతులు ఎక్కువైతే 1:10. గట్టి సిగ్నల్ ఇచ్చే కండెన్సర్ మైకులు, డప్పు, డోలు అయితే 1:5. ఒక్కటే కొనగలిగితే నా ఓటు 1:5కే. తగ్గిన గెయిన్ తర్వాతి ట్యూబ్ చూసుకుంటుంది.