నాన్న గదిలో డే క్లాక్: ఏడు నెలలు వాడాక నా రివ్యూ

నాన్నకి అల్జీమర్స్ అని తెలిసి మూడేళ్ళయింది, ఈ డే క్లాక్ కొని ఏడు నెలలు. కొనేముందు నేను రివ్యూలు వెతికితే అన్నీ ప్యాకింగ్ బాగుంది, టైముకి వచ్చింది, చూడ్డానికి బాగుంది అనేవే. ఇంట్లో పెట్టాక ఏం జరిగిందో ఒక్కరూ రాయలేదు, అందుకే నేను కాస్త పొడుగ్గానే రాస్తున్నా, అవసరం ఉన్నవాళ్ళు ఓపిగ్గా చదవండి.

వస్తువు చాలా సింపుల్. ఎనిమిది అంగుళాల స్క్రీన్, నల్లటి దాని మీద తెల్లటి పెద్దక్షరాలు. పైన ఏ వారమో, దాని కింద ఉదయమో మధ్యాహ్నమో సాయంత్రమో రాత్రో, తర్వాత టైము, అన్నిటికన్నా కింద తేదీ నెల సంవత్సరం. నెలని అంకెతో కాకుండా పేరుతో పూర్తిగా రాస్తుంది. ఇది చిన్న విషయం అనుకోకండి, మా పాత డిజిటల్ గడియారం 05-03 అని చూపిస్తే అందులో ఏది తేదీ ఏది నెల అని తేల్చుకోలేక నాన్న దాని ముందే నిలబడిపోయేవాడు.

గోడ గడియారం ఉంది, క్యాలెండర్ ఉంది, మళ్ళీ ఇదెందుకు అన్నాడు అన్నయ్య. డాక్టర్ దగ్గర ఆ రోజు చూడకపోయుంటే నేనూ అదే అనేదాన్ని. నాన్నకి కాగితం ఇచ్చి, గడియారం బొమ్మ గీసి 11 గంటల 10 నిమిషాలు చూపించమన్నారు, ఈ జబ్బు అనుమానం ఉన్నవాళ్ళకి మామూలుగా పెట్టే పరీక్షే ఇది. గుండ్రం చక్కగా గీశాడు. అంకెలు మాత్రం అన్నీ కుడివైపే కుక్కేసి, 11 దగ్గరికొచ్చేసరికి ఇక చోటు లేక ఆగిపోయాడు. ముళ్ళు పెట్టమంటే ఒకటి 10 మీద, ఒకటి 11 మీద పెట్టి నా వైపు చూశాడు, కరెక్టేనా అన్నట్టు. ముళ్ళ గడియారం చూసి టైము చెప్పాలంటే ఏ ముల్లు దేనికో తెలియాలి, చోటు అంచనా ఉండాలి, చిన్న లెక్క వెయ్యాలి, అవన్నీ చాలా ముందే దెబ్బతింటాయి. కంటి ముందున్న మాటని పైకి చదవడం మాత్రం వాటి తర్వాత కూడా చాలాకాలం ఉంటుంది. ఈ క్లాక్ పనిచేసేది ఆ మిగిలున్నదాని ఆధారంగానే. ఇక క్యాలెండర్ అంటారా, ఇవాళ ఏ తేదీయో ముందే తెలిసినవాళ్ళకే అందులో ఇవాళ ఎక్కడుందో కనపడుతుంది.

నాన్న పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడు. రోజూ కౌంటర్ తెరిచే ముందు ముద్రలో తేదీ అంకెలు మార్చడం ఆయన పని, ఆ అలవాటు వల్లో ఏమో పొద్దున్నే తేదీ తెలియకపోతే ఆయనకి కాళ్ళూ చేతులూ ఆడవు. "ఇవాళ ఎన్నో తారీఖే?" అని అమ్మని అడుగుతాడు, చెప్తుంది, రెండు నిమిషాలకి మళ్ళీ అడుగుతాడు, మళ్ళీ చెప్తుంది. ఒకరోజు నేను లెక్కపెట్టాను, ముఖం కడుక్కోవడం నుంచి స్నానం అయ్యేలోపు 23 సార్లు. పదోసారి దాకా అమ్మ మామూలుగానే చెప్పి, ఆ తర్వాత "ఇందాకే చెప్పాను కదండీ" అనేది, గొడవ అక్కడ మొదలయ్యేది. ఆయన మాటకొస్తే ఆమె నిజంగానే చెప్పలేదు. ఈ జబ్బు ముందు దెబ్బకొట్టేది మెదడులో కొత్త విషయాల్ని దాచే హిప్పోక్యాంపస్ అనే భాగాన్నీ దాని చుట్టుపక్కలనీ, కాబట్టి ఇందాక విన్నది లోపలికి చేరనే లేదు. చేరనిదాన్ని పట్టుకుని చెప్పాను కదా అంటే, ఆయనకి మనం అబద్ధమాడుతున్నట్టే ఉంటుంది, కోపం రాక ఏమవుతుంది.

క్లాక్ వచ్చాక అడగడం ఆగిపోలేదు. ఆగిపోతుంది అని ఎవరైనా రాస్తే నమ్మకండి. ఇప్పుడు ఆయన అడగ్గానే అమ్మ "అదిగో, దాంట్లో చూసి నాకూ చెప్పండి" అంటుంది. లేచి వెళ్తాడు, కళ్ళజోడు సర్దుకుంటాడు, గట్టిగా చదువుతాడు, గురువారం, ఉదయం, ఫలానా తేదీ అని. చదవడం అయ్యాక టేబుల్ మీద పిడికిలితో ఒక్కటి కొడతాడు, ముద్ర వేసినట్టు. అదే ప్రశ్న ఇప్పటికీ పదిహేనుసార్లు వస్తుంది కానీ ఇంట్లో అరుపులు లేవు, అమ్మ బీపీ కూడా కాస్త దారికొచ్చింది.

ఇంకోటి, మేం చెప్తే ఒప్పుకోనిది అది చూపిస్తే ఒప్పుకుంటాడు. సాయంత్రం ఆరింటికి డ్యూటీకి టైమైందని చెప్పులేసుకునేవాడు, ఇప్పుడు సాయంత్రం నాన్నా అంటే నేనేదో అడ్డుపడుతున్నానని విసుక్కునేవాడు. ఇప్పుడు ఇద్దరం కలిసి క్లాక్ దగ్గరికి వెళ్తాం, సాయంత్రం అని ఆయనే చదువుతాడు, "ఓహో, కౌంటర్ మూసేసుంటారు" అని ఆయనే చెప్పులు విప్పేస్తాడు. అన్నిసార్లూ కాదు. చీకటిపడే వేళ కంగారు బాగా ముదిరిపోయిన రోజున ఏ గడియారమూ పనికిరాదు, లైట్లన్నీ వేసి, పక్కన కూచుని, ఆ ముద్ర ఎలా వేసేవాడివో చెప్పు నాన్నా అని అడగడమే.

భాష గురించి తప్పకుండా చెప్పాలి. మేం కొన్న మోడల్లో తెలుగు లేదు. నాన్న ఇంగ్లీషులో ఫారాలు నింపిన మనిషి కదా, పర్లేదులే అనుకున్నాం, కానీ మొదటివారం స్క్రీన్ చూసి అక్షరాలు కూడబలుక్కుంటున్నాడు, అర్థం మాత్రం పట్టడంలేదు. తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోతోంది, చిన్నప్పటిది గట్టిగా ఉంది, మా నాన్న విషయంలో నేను చూసింది ఇదే. ఇందులో రిమైండర్‌కి ఫోటో పెట్టుకునే వీలుంది, దాంతో వారాల పేర్లూ పూటలూ తెలుగులో లావాటి స్కెచ్ పెన్నుతో కాగితాల మీద రాసి, ఫోటోలు తీసి, ఏ టైముకి ఏది రావాలో సెట్ చేశాను. ఒక పూర్తి ఆదివారం పట్టింది. మీరు కొనేటప్పుడు మీవాళ్ళు పలక మీద దిద్దిన భాష అందులో ఉందో లేదో ముందు అదే చూడండి, మిగతా ఫీచర్లు తర్వాత.

మాట్లాడే అలారం ఉంది, ఆపేశాం. మందులు వేసుకునే సమయమైందని గదిలో ఎవరూ లేకుండా గొంతు వినపడేసరికి ఇంట్లోకి ఎవరో వచ్చారని నాన్న మంచం కింద వెతికాడు. రాత్రి వెలుగు తగ్గించే ఆప్షన్ బాగుంది. స్క్రీన్ అద్దం మాత్రం మెరుస్తుంది, మొదట కిటికీకి ఎదురుగా పెడితే అందులో తన నీడే కనపడి ఎవరది అన్నాడు, పక్కగోడకి మార్చాక సరిపోయింది. ఇలాంటి మతిమరుపు జబ్బులన్నిటినీ కలిపి డిమెన్షియా అంటారు, అందులో 60 నుంచి 70 శాతం దాకా అల్జీమర్సే, కానీ మీవాళ్ళకి ఉన్నది లూయీ బాడీ అనే ఇంకో రకమైతే లేనివి కనపడటం మొదట్లోనే ఉంటుంది, మెరిసే స్క్రీన్ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండండి.

ఇప్పుడు ఒక స్టార్ ఎందుకు తగ్గించానో. ఒకరోజు రాత్రి ఏడింటికి కరెంటు పోయి వచ్చింది. మేమెవరం చూసుకోలేదు, క్లాక్ మొత్తం రీసెట్ అయిపోయి జనవరి 1, అర్ధరాత్రి 12 నుంచి మొదలుపెట్టింది. తెల్లవారుజామున నాలుగింటికి గొళ్ళెం చప్పుడుకి అమ్మ లేచేసరికి నాన్న చొక్కా టక్ చేసుకుని తలుపు దగ్గరున్నాడు, లేటైపోయింది లేటైపోయింది అంటూ చేతులు వణికిపోతున్నాయి. క్లాక్‌లో ఉదయం 9 అని ఉంది. కిటికీ బయట చీకటి, గదిలో చీకటి, అయినా ఆయన క్లాక్‌నే నమ్మాడు, ఏడాదిలో సగం రోజులు దాన్నే చూడమని మేమే చెప్పాం కదా. ఆ గొళ్ళెం పైకి పెట్టించకపోయుంటే అనే ఆలోచన నాకిప్పటికీ నిద్రలో వస్తుంది. విప్పి చూస్తే లోపల నాణెం లాంటి చిన్న బ్యాటరీ అయిపోయి ఉంది, కరెంటు లేనప్పుడు టైము గుర్తుంచుకునేది అదే. మాన్యువల్‌లో దాని గురించి ఒక్క ముక్క లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ప్లగ్ తీసి మళ్ళీ పెట్టమన్నారు. టైము తప్పు చూపించే క్లాక్ వీళ్ళ గదిలో ఉండటం కన్నా అసలు లేకపోవడమే నయం, ఇలాంటి వస్తువు తయారుచేసేవాళ్ళకి ఇది తెలిసుండాలి.

ఎవరికి పనికొస్తుందంటే, చదవగలుగుతూ తేదీ, పూట విషయంలో తికమకపడుతున్న దశలో ఉన్నవాళ్ళకి. ఆలస్యం చేస్తే దాన్ని చూసే అలవాటు పడదు, మాది ఇంకో ఏడాది ముందు కొనాల్సింది. చదివినది అర్థంకాని దశకి వచ్చేసినవాళ్ళకి వద్దు, ఆ డబ్బు ఇంకోదానికి పనికొస్తుంది.

నాలుగు స్టార్లు. కొన్న రోజే వెనక మూత విప్పి బటన్ బ్యాటరీ కొత్తది వెయ్యండి (మాదాంట్లో సీఆర్ 2032), ఒకసారి ప్లగ్ పీకి పది నిమిషాలాగి పెట్టి, టైము సరిగ్గా ఉందో లేదో చూశాకే వాళ్ళ గదిలో పెట్టండి.