మేర్‌కు బస వెతుకుతూ జడ్చర్ల దారిలో

జనవరి చివరి వారంలో మా మేనమామగారూ నేనూ రెండు రోజులపాటు తిరిగి షాద్‌నగర్, జడ్చర్ల, మునుగోడు వైపు ఉన్న మూడు స్టడ్ ఫారాలను, అంటే రేసుగుర్రాలను దాటించి ఈనించే ఫారాలను, చూసి వచ్చాము. మలక్‌పేట రేసుల్లో పరుగెత్తి, ముందుకాలి నరం దెబ్బతిని పక్కకు తప్పుకున్న ఒక ఆడగుర్రాన్ని (మేర్‌ను) మామయ్య నిరుడు కొని దేవరకొండ దగ్గరి తన తోటలో ఉంచారు. ఈ సీజన్‌లో దానిని మంచి స్టాలియన్‌తో, అంటే విత్తనపు మగగుర్రంతో, దాటించాలన్నది ఆయన కోరిక. ఆవులకూ గేదెలకూ చేసినట్లు సూదితో చూడి కట్టించడం థరోబ్రెడ్ అనే ఈ రేసుగుర్రాల జాతిలో చెల్లదు. అలా పుట్టిన పిల్లను జాతి వంశాల నమోదు పుస్తకమైన స్టడ్ బుక్‌లో ఎక్కించరు, స్టడ్ బుక్‌లో లేని పిల్ల రేసులో నిలబడలేదు. అందువల్ల మేరే స్టాలియన్ ఉన్న చోటికి పోవాలి, చూడి నిలవకపోతే తర్వాతి ఎద వచ్చేదాకా సుమారు 21 రోజులు అక్కడే ఆగాలి. మామయ్య స్టాలియన్‌ను వెతుకుతున్నాననుకున్నారు గాని, నా దృష్టిలో మేము వెతికింది ఆ గుర్రానికి నెలల తరబడి ఉండదగిన బస.

నల్లగొండ నుంచి మల్లేపల్లి, కల్వకుర్తి మీదుగా జడ్చర్ల చేరి, అక్కడినుంచి హైదరాబాదు రహదారి పట్టుకుని మొదట షాద్‌నగర్ దాటాము. అక్కడి ఫారం చూడముచ్చటైనది. దారికి రెండు వైపులా తెల్ల రంగు వేసిన కంచెలు, ఆఫీసు గోడ మీద చట్రం కట్టిన వంశవృక్షం, అతిథులకు ఏసీ గది, ఇత్తడి గ్లాసులో మజ్జిగ. ఐర్లాండు నుంచి తెచ్చిన స్టాలియన్‌ను సైసు (గుర్రాల కాపరి) బయటికి నడిపించుకొచ్చినప్పుడు దాని భుజాలూ తుంటీ నడకా చూసి మామయ్య ఫీజు అడగడం కూడా మరిచిపోయారు. గోడ మీది వంశవృక్షంలో ఐదు తరాల లోపలే నార్తర్న్ డాన్సర్ పేరు మూడు చోట్ల కనిపించింది. 1964లో కెంటకీ డెర్బీ గెలిచిన ఆ గుర్రంతో దాటించే హక్కు 1980ల నడుమ పది లక్షల డాలర్లు పలికింది. నేటి థరోబ్రెడ్‌లలో దాని రక్తం లేనివాటిని వెతకడమే కష్టం. మన దేశంలో ఎన్నో విజేత గుర్రాలకు తండ్రి అయిన, ఒకప్పుడు హర్యానాలోని ఉషా స్టడ్‌లో ఉండిన రజీన్ అనే స్టాలియన్ దాని కొడుకే. మా మేర్ తల్లి వైపు రజీన్ ఉన్నందున ఇదే రక్తం మరోసారి కలుస్తుందని నేను గుర్తుచేశాను. మామయ్యకు ఆ మాట రుచించలేదు.

ఆ ఫారంలో నాకు నచ్చనిది వేరొకటి. రాత్రిపూట ఈత దగ్గర ఎవరుంటారని అడిగితే, డాక్టరుగారు ఫోను చేస్తే పట్నం నుంచి వస్తారని జవాబు వచ్చింది. గుర్రాలు ఎక్కువగా రాత్రిపూటే ఈనుతాయి. ఈనిన గంటలోపు పిల్ల లేచి నిలబడాలి, రెండు గంటల్లోపు పాలు పట్టాలి, మూడు గంటల్లోపు మాయ పడిపోవాలి. జున్నుపాలు ఆ మొదటి గంటల్లో కడుపులో పడని పిల్లకు రోగనిరోధక శక్తి అందదు. పట్నం నుంచి కారు వచ్చేలోగా ఈ లెక్కలన్నీ దాటిపోతాయి. ఫీజు షరతు కూడా డాక్టరు చూడి అని ధ్రువీకరించగానే మొత్తం కట్టమన్నది, అంటే ఆ తర్వాత గర్భం పోయినా నష్టం మనదే.

రాత్రికి మహబూబ్‌నగర్‌లో బస చేశాము. బస్టాండుకు దగ్గరి లాడ్జిలో 1,800 రూపాయల గది శుభ్రంగా ఉంది గాని వేడినీళ్లు ఉదయం ఎనిమిది దాటాకే వచ్చాయి. ఎదుటి మెస్సులో జొన్నరొట్టె, పచ్చిపులుసు మాత్రం ఆ లోటును మరిపించాయి. ఈ ఊరికి పేరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖానే 1886లో రేసులను మౌలాలి నుంచి మలక్‌పేటకు మార్పించాడని మామయ్య రాత్రంతా చెబుతూనే ఉన్నారు. పొద్దున్నే పిల్లలమర్రి ఒకసారి చూసి బయలుదేరాము. చెదలు పట్టిన ఆ మర్రికి 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించిన సంగతి ఇక్కడివారు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

జడ్చర్ల వైపు ఫారం చూడటానికి సాదాసీదాగా ఉంది. రంగు వెలిసిన కంచెలు, రేకుల కప్పు మీద ఎండకు పరిచిన కొబ్బరి ఆకులు. స్టాలియన్ వయసు పదిహేను దాటింది, దాని పిల్లల్లో పెద్ద కప్పులు గెలిచినవి లేవు, గాని గాయాలతో ఆగిపోకుండా నాలుగైదేళ్లు పరుగెత్తినవి చాలా ఉన్నాయి. మేర్‌లు తిరిగే దొడ్డి ఎర్రచెలక, రాళ్లు ఏరించి గరిక పెంచారు. నల్లరేగడి అయితే ఎండాకాలం నెర్రెలు విచ్చి కాళ్లు ఇరుక్కుంటాయి. మేర్ ఎదకు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి దాని ఎదుటికి తెచ్చే మగగుర్రం, టీజర్, వేరుగా ఉంది, దాటించిన పద్నాలుగో పదహారో రోజున స్కానింగ్ చేసి కవల గర్భమేమో చూస్తామన్నారు. గుర్రానికి కవలలు దక్కడం అరుదు గనుక ఆ చూపు చాలా ముఖ్యం. ఈత గదుల పక్కనే సైసు మంచం, దాని మీద దుప్పటి, టార్చిలైటు కనిపించాయి.

“గుర్రం మనం జూస్తుంటే ఈనదయ్యా, కన్ను మలిపితే ఈంతది. అందుకే నేను పండుకున్నట్టు పండుకొని మేలుకుంట,” అన్నాడు సైసు పెద్దాయన.

పిల్ల నిలబడి పాలు తాగాకే ఫీజులో రెండో సగం కట్టాలన్నది ఇక్కడి షరతు. మేర్ మేతకు రోజువారీ లెక్క విడిగా ఉంటుంది, లూసర్న్ గడ్డి సొంత పొలంలోనే పండిస్తారు. అతిథి గది అనేదే లేదు, మాకు టీ కూడా స్టీలు లోటాలోనే వచ్చింది.

తిరుగు దారిలో మునుగోడు వైపు ఫారం ఇంటికి దగ్గరని మామయ్య ఆశపడ్డారు. అక్కడ నేను అడిగింది ఒకే ప్రశ్న, నీళ్లు ఎక్కడివని. బోరువని చెప్పారు, పరీక్ష కాగితం చూపలేకపోయారు. గుర్రం రోజుకు ముప్పై నలభై లీటర్ల నీళ్లు తాగుతుంది. ఫ్లోరైడ్ ఎముకల్లోనూ పళ్లలోనూ పేరుకునే ఈ ప్రాంతంలో, ఎముక బలం మీదే బతుకంతా ఆధారపడిన పిల్లను కడుపులో మోసే తల్లికి పరీక్ష చేయని బోరునీళ్లు పట్టించడానికి మనసొప్పలేదు. అరగంటలో బయటికి వచ్చేశాము.

కారులో మామయ్య చాలాసేపు ఐర్లాండు స్టాలియన్ తుంటి గురించే మాట్లాడారు. మల్లేపల్లి దగ్గర టీకి ఆగినప్పుడు మాత్రం జడ్చర్లకే ఫోను చేశారు. థరోబ్రెడ్ పిల్లలన్నిటికీ జనవరి 1నే ఏడాది నిండినట్టు లెక్క, చూడి కాలం పదకొండు నెలలు. తొందరపడి దాటిస్తే పిల్ల డిసెంబరులో పుట్టి, కొద్ది రోజులకే ఏడాది వయసు మీద పడుతుంది. అందుకే ఫిబ్రవరి 15 తర్వాతనే మేర్‌ను పంపమన్నారు. గ్లాండర్స్, సర్రా అనే జబ్బులు లేవని చూపే రక్తపరీక్షల కాగితాలు వెంట ఉండాలన్నారు. మేర్‌ను దింపిన రోజు రాత్రి తాను కూడా అక్కడే ఉంటానని మామయ్య అడిగితే, సైసు మంచం పక్కన ఇంకో మంచం వేయిస్తామని చెప్పారు.