డీప్‌ల్యాబ్‌కట్: తూనీగ రెక్కల వెంట మూడు వారాలు

ముందే చెప్పేస్తాను, వీడియోలో జంతువుల కదలికల్ని వెంటాడే ఈ డీప్‌ల్యాబ్‌కట్ సాఫ్ట్‌వేర్‌కి పైసా కట్టక్కర్లేదు, కాబట్టి మీ టైము దండగా కాదా అన్నదే లెక్క. నేను జువాలజీ చదివినదాన్ని, కోడింగ్ అంతంతమాత్రం.

2018లో మెకెంజీ మాథిస్, అలెగ్జాండర్ మాథిస్, వాళ్ల బృందం దీన్ని తెచ్చారు. మొదట ఎలుకల మీద, పండ్ల ఈగల మీద చేసి చూపించారు. జంతువుకి ఏమీ అంటించే పని లేదు. వీడియోలోంచి కొన్ని ఫ్రేములు తీసి "ఇది తల, ఇది రెక్క చివర" అని మనం చుక్కలు పెడితే, మిగతా వేల ఫ్రేముల్లో అదే వెతుక్కుంటుంది. అప్పటికే లక్షల ఫొటోలు చూసి ఆకారాలు పట్టడం నేర్చిన న్యూరల్ నెట్‌వర్క్ (ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రామ్) మీద కట్టారు కాబట్టి రెండొందల ఫ్రేములతోనే మంచి ఫలితం వస్తుంది.

నేను పట్టుకున్నది తూనీగని. ఎగిరిపోయినా తిరిగొచ్చి అదే పుల్ల మీద వాలే రకాలుంటాయి, మా ఊరి చెరువు గట్టున అలాంటిదాన్ని చూసుకుని, ఎదురుగా స్టాండు మీద ఫోన్ పెట్టి, సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీశాను. తూనీగ సెకనుకు ముప్పై నలభై సార్లు రెక్క కొడుతుంది, అంటే ఒక్కో కొట్టుడుకి ఆరు నుంచి ఎనిమిది ఫ్రేములు, చాలు. తేనెటీగ అయితే రెండొందలకు పైనే, దానికి ఈ ఫోన్ పనికిరాదు.

అసలు తంటా చుక్కల దగ్గరొచ్చింది. రెక్క అద్దంలా ఉంటుంది కదా, అంచు ఎక్కడుందో నాకే తెలియక ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట పెట్టాను. సాఫ్ట్‌వేర్ కూడా నాలాగే తికమకపడింది. తర్వాత జూమ్ చేసి చూస్తే, ప్రతి రెక్క చివర దగ్గర ముందు అంచున చిన్న ముదురు మచ్చ కనిపించింది. చుక్కలన్నీ చెరిపేసి ఆ మచ్చ మీదే పెట్టాను, అంతే, గ్రాఫులో రెక్కల కదలిక చూపే గీతలు వణకడం మానేశాయి. గాలిలో నిలబడ్డప్పుడు ముందు జత పైకెళ్తే వెనక జత కిందికి, ఇలా ఎదురెదురుగా కొట్టుకుంటాయని, పైకి లేచేటప్పుడు దాదాపు కలిసి కొట్టుకుంటాయని క్లాసులో బట్టీ పట్టాను గానీ, నా సొంత గ్రాఫులో ఆ గీతలు విడిపోయి మళ్లీ దగ్గరవడం చూసి కేకేశాను.

ఇన్‌స్టాల్ చేయడం మాత్రం ఓపికున్నవాళ్ల పని. మంచి జీపీయూ (ఇలాంటి లెక్కలు వేగంగా చేసే గ్రాఫిక్స్ చిప్) లేకపోతే ట్రైనింగ్, అంటే మన చుక్కలు చూసి అది నేర్చుకోవడం, నత్తనడకే, నా పాత లాప్‌టాప్ రాత్రంతా ఫ్యాను మోత పెట్టి పొద్దున్నకి సగం కూడా అవ్వలేదు. ఇంకోటి, ప్రతి చుక్కకీ 0 నుంచి 1 మధ్య నమ్మకం అంకె ఇస్తుంది, దాన్ని గుడ్డిగా నమ్మకండి. నీళ్లలో తూనీగ నీడ పడితే 0.9తో నీడ మీద చుక్క పెట్టింది! నేను చూపించిన ఫ్రేముల్లో నీడ ఒక్కటీ లేదు మరి, తప్పు నాదే. అలాంటి ఫ్రేములు కొన్ని కలిపి మళ్లీ ట్రైన్ చేస్తే సరిపోయింది.

ఒక్క కెమెరాతో రెక్కల లయ తెలుస్తుంది గానీ, కెమెరా వైపు ఎంత దూరం వచ్చిందో తెలియదు. అది కావాలంటే రెండు కెమెరాలు, గళ్ల బోర్డు చూపించి ఆ రెండిటి లెక్క సరిచూసే కాలిబ్రేషన్ తప్పవు. పక్షులు, గబ్బిలాల మీద త్రీడీలో పనిచేసేవాళ్లు టైసన్ హెడ్రిక్ చేసిన డీఎల్‌టీడీవీ అనే సాఫ్ట్‌వేర్ కూడా చూడండి. ఒకే ఫ్రేములో చాలా ఈగలుంటే స్లీప్ (SLEAP) అనే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది, నేనింకా ముట్టుకోలేదు.

జువాలజీ ప్రాజెక్టు చేసేవాళ్లకి నా మాట, తప్పకుండా వాడండి, ఐదుకి నాలుగు. చుక్కలు పెట్టే పని మాత్రం ఇంట్లోవాళ్లకి అప్పజెప్పకండి. మా తమ్ముడు సాయం చేస్తానని నలభై ఫ్రేములు పెట్టాడు, తూనీగ ఎడమనా, మన ఎడమనా అని ఒక్కసారైనా అడగలేదు. ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని ఆ నలభై నేనే మళ్లీ పెట్టాను.