లెవెల్ చెప్పే యాప్: రెడ్‌రీడర్‌తో ఐదేళ్లు

రెడిట్ అనే చర్చావేదికలో ఒక్కో ప్రశ్న కింద వందల జవాబులు. ఏది ఎవరికి జవాబో చూపున్నవారు వ్యాఖ్య అంచు ఎంత పక్కకు జరిగిందో చూసి పోల్చుకుంటారు. నాకు చూపు లేదు. ఫోను తెర మీది రాతను టాక్‌బ్యాక్ అనే సాధనం చదివి వినిపిస్తే వింటాను. అంచు సంగతి తెలియకపోతే నాకు అదంతా సంతగోల. తిట్టు వినిపిస్తుంది, అది ఎవరికి తగిలిందో తెలియదు.

ఐదేళ్లుగా నా ఆండ్రాయిడ్ ఫోనులో రెడిట్ చదివే యాప్ రెడ్‌రీడర్ నిలిచి ఉండడానికి కారణం ఇదే. సెట్టింగుల్లో ఒకటి మార్చుకుంటే, ప్రతి వ్యాఖ్యతో పాటు దాని లెవెల్, అంటే జవాబుల్లో అది ఎన్నో మెట్టో, కూడా పలుకుతుంది. లెవెల్ 3 అంటే వాదన ముదిరిందన్నమాట. మళ్లీ లెవెల్ 1 వినిపిస్తే కొత్త మాట మొదలైందని అర్థం. ఉచితం, ఓపెన్ సోర్స్, ప్రకటనల బెడద లేదు. చూపున్న మా తమ్ముడు మాత్రం దీని ముఖం పాత గోడగడియారంలా ఉందంటాడు. ఉండనీ, నాకు గంట వినిపిస్తే చాలు.

2023 వేసవిలో ఇదీ పోతుందనుకున్నాను. బయటి యాప్‌లు సమాచారం తీసుకున్నందుకు వెయ్యి అభ్యర్థనలకు 0.24 డాలర్ల చొప్పున చెల్లించాలని రెడిట్ ప్రకటించింది. ఐఫోన్ వాడే అంధ మిత్రులు మెచ్చుకునే అపోలో యాప్ జూన్ 30న మూతపడింది. అంధుల బృందాలు గట్టిగా అడిగాక, లాభాపేక్ష లేకుండా మాలాంటివారికి ఉపయోగపడే యాప్‌లకు మినహాయింపు దక్కింది: రెడ్‌రీడర్, డిస్టోపియా, లూనా. బతికాం సరే, హక్కుగా కాదు, దయగా. ఆ తేడా నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

బొమ్మల దగ్గర రెడ్‌రీడర్ కూడా చేతులెత్తేస్తుంది. పెట్టినవారు వివరణ రాయకపోతే అది మాత్రం ఏం చదువుతుంది? బొమ్మల్లోని రాతను ఓపికగా టైపు చేసి పెట్టే స్వచ్ఛంద బృందం, ట్రాన్స్‌క్రైబర్స్ ఆఫ్ రెడిట్, అదే జూన్ నెలాఖరుకు పని ఆపేసింది. ఇక ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగు మరో తలనొప్పి. ఎవరో ‘ఏమి’ అనడానికి పెద్ద అక్షరాల్లో EMI అని రాస్తే నా ఫోను ‘ఈఎంఐ’ అని చదివింది. ఏ అప్పు కట్టడం మరిచానా అని ఉలిక్కిపడ్డాను.

మొన్న రాత్రి ఒక పిల్లి ఫోటో కింద జనం పగలబడి నవ్వుతున్నారు. ఎందుకో తెలియక వ్యాఖ్యలన్నీ ఒక్కొక్కటే దాటుకుంటూ పోయాను. లెవెల్ 5లో ఎవరో పుణ్యాత్ముడు రాశాడు: పిల్లి పెరుగుగిన్నెలో తల ఇరికించుకుని, గిన్నెతో సహా సోఫా ఎక్కి కూర్చుందట. అప్పుడు నవ్వాను, అందరికన్నా గంట ఆలస్యంగా.