ఇంటర్ పిల్లలకు ఏది మేలు: నిఘానా, స్వేచ్ఛా, హద్దులు పెట్టి మాట్లాడటమా?

పదో తరగతి దాటిన పిల్లలున్న ఇళ్లు ఎక్కువగా మూడు రకాలు. ఫోను, బ్యాగు, మార్కులు అన్నీ తనిఖీ చేసేవి కొన్ని. ‘పెద్దవాడయ్యాడు, వాడికే తెలుస్తుంది’ అని వదిలేసేవి కొన్ని. నాలుగైదు విషయాల్లో గట్టిగా ఉండి, మిగతావి పిల్లలతో మాట్లాడి తేల్చుకునేవి కొన్ని. అమెరికా మనస్తత్వవేత్త డయానా బామ్‌రిండ్ 1960ల్లో చేసిన విభజన కూడా దాదాపు ఇదే.

నిఘాతో మొదట్లో ఫలితం కనిపిస్తుంది: వాడు పుస్తకం ముందే కూర్చుంటాడు. కానీ స్టాటిన్, కెర్ అనే ఇద్దరు పరిశోధకులు స్వీడన్‌లో 14 ఏళ్ల పిల్లల మీద చేసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది వేరు. పిల్లల గురించి తల్లిదండ్రులకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం కూపీ లాగితే వచ్చింది కాదు, పిల్లలు తమంతట తాము చెప్పింది. ‘ఫిజిక్స్ అర్థం కావట్లేదు నాన్నా’ అన్న రోజున తిట్లు పడితే ఆ దారి మూసుకుపోతుంది. ఆ తర్వాత చాట్‌లు డిలీట్ అవుతాయి, వీక్లీ టెస్ట్ పేపరు ఇంటికి రాదు.

పూర్తి స్వేచ్ఛలో మేలు లేకపోలేదు. అలాంటి ఇళ్ల పిల్లలకు ఆత్మవిశ్వాసం, కలుపుగోలుతనం బాగానే ఉంటాయి. దెబ్బ తినేది చదువు, నిద్ర. తప్పుడు అలవాట్లకూ అవకాశం ఎక్కువ.

మా మొగ్గు మూడో పద్ధతికే, ఒక షరతుతో. గట్టిదనం ప్రవర్తన మీద ఉండాలి, మనసు మీద కాదు. ‘పదిన్నరకు ఫోను హాల్లో ఛార్జింగ్‌కి’ అనేది ప్రవర్తన మీద. ‘నీ కోసం ఇంత చేస్తుంటే ఇదా నువ్విచ్చేది’ అనడం, రెండు రోజులు మాట్లాడకపోవడం, పిన్నిగారబ్బాయి ర్యాంకు ఎత్తడం మనసు మీద. దిగులు, ఆందోళన ముడిపడి కనిపించేది ఈ రెండో రకంతోనే.

ఫోను నియమం చాలా ఇళ్లలో వారానికే వీగిపోతుంది. కారణం, నాన్న ఫోను మంచం మీదే ఉంటుంది. అందరివీ హాల్లోకి రావాలి. ఈ వయసుకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం; తెల్లవారుజామున నాలుగున్నరకు లేపి చదివించాలనుకుంటే రాత్రి ఎనిమిదిన్నరకే పడుకోబెట్టాలి. కుదరదు కదా!

మార్కుల మెసేజ్ వచ్చిన సాయంత్రం ముందు అన్నం పెట్టండి. మర్నాడు పేపరు తెప్పించి, పోయిన మార్కుల్ని వాడి చేతే మూడుగా విడగొట్టించండి: పాఠం రాక పోయినవి, లెక్క తప్పి పోయినవి, టైం చాలక పోయినవి. మొదటిదానికి లెక్చరర్‌ను అడగాలి, రెండోదానికి రఫ్ వర్కు శుభ్రంగా చేయాలి, మూడోదానికి గడియారం పెట్టుకుని పాత పేపర్లు రాయాలి. ‘ఇంకా కష్టపడు’ అంటే ఈ మూడింటిలో ఒక్కటీ తీరదు.

హాస్టల్లో ఉంటే? ఫోన్లో మొదటి ప్రశ్న ‘ఎంతొచ్చింది?’ అయితే ఆ కాల్ రెండు నిమిషాల్లో ముగుస్తుంది. ‘ఇవాళ మెస్సులో ఏం పెట్టారు?’తో మొదలెట్టి చూడండి.

రెండు వారాలకు పైగా నిద్ర, తిండి తగ్గి స్నేహితులకు దూరమైతే ఏ పద్ధతీ చాలదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న మాట నోట వస్తే రెండు వారాలు ఆగకండి. ఆ రోజే చేయండి, ఒంటరిగా వదలకండి.