తొమ్మిదో తరగతి పిల్లలతో, రాయలు కలగన్న శ్రీకాకుళానికి

ఇది ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం కాదు. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. ఈ ముక్క పిల్లల ఇళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది. "అంత దూరమా టీచర్, రాత్రి ప్రయాణమా?" అని అమ్మలందరికీ ఒకటే టెన్షన్. విజయవాడ నుంచి కరకట్ట మీద వెళితే మాకు గంటన్నర పట్టింది, అంతే.

నేను తెలుగు చెబుతాను. మా సోషల్ మాస్టారు పక్క గదిలోనే ఉంటారు. విజయనగర చరిత్ర పిల్లలు కింది తరగతిలోనే చదివేశారు. రాయల పద్యం నా దగ్గరికి వచ్చేసరికి అదంతా మర్చిపోయి, ప్రతిపదార్థం బట్టీ పట్టడానికి సిద్ధంగా కూర్చుంటారు. ఏళ్ళ తరబడి నన్ను బాధపెట్టిన విషయం ఇది. అందుకే ఈసారి ఇద్దరం కలిసి ఒకే చోట పాఠం చెబుదామనుకున్నాం.

38 మంది పిల్లలు, మేం నలుగురు పెద్దవాళ్ళం. పిల్లల దగ్గర తలకి 450 చొప్పున 17,100 పోగయింది. బస్సుకి 12,000 మాట్లాడుకున్నాం.

తొమ్మిదింటికల్లా ఆంధ్ర మహావిష్ణువు గుడిలో ఉన్నాం. దర్శనం అయ్యాక, రాయలు 'ఆముక్తమాల్యద' కావ్యానికి శ్రీకారం చుట్టింది ఇక్కడేనని ఊరివాళ్ళు చెప్పే మండపంలో పిల్లల్ని కూర్చోబెట్టాం. మాస్టారు తెచ్చిన మ్యాపు గాలికి లేచిపోతుంటే నాలుగు మూలలా నీళ్ళ బాటిళ్ళు పెట్టాం. నేను ఆ కావ్యం మొదట్లో ఉన్న సంగతి చెప్పాను. కళింగం మీదికి దండెత్తి వెళుతూ రాయలు కొన్నాళ్ళు విజయవాడలో ఆగాడు. అక్కడి నుంచి శ్రీకాకుళం వచ్చి ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి నాలుగో జామున స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్నాడు. నేను చెబుతుంటే మాస్టారు మ్యాపు మీద ఆ దండయాత్ర దారి వెంట వేలు కదుపుతున్నారు: ఉదయగిరి, 1515లో పట్టుకున్న కొండవీడు, 1516లో శాసనం వేయించిన సింహాచలం. ఉదయగిరి కోట ముట్టడే ఏడాదికి పైగా సాగిందని ఆయన అనగానే, వెనక వరసలో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల లేచింది. "అయితే యుద్ధం మధ్యలో ఈ కల వచ్చిందా టీచర్?" అంది. ఇన్నేళ్ళలో క్లాసులో ఒక్కరూ అడగని ప్రశ్న ఇది.

ఇంకొకడు పద్యం కాగితం పట్టుకుని, "స్వామి ఈయన్ని కన్నడరాయ అని ఎందుకు పిలిచాడు, తెలుగు రాజు కదా?" అన్నాడు. ఇక మాస్టారు ఆగలేదు. తుళువ వంశం, తుంగభద్ర ఒడ్డున రాజధాని, అన్ని భాషల రాజులూ వచ్చి నిలబడే కొలువు. "దేశభాషలందు తెలుగు లెస్స" పద్యంలోని "ఎల్ల నృపులు కొలువ" అన్న మాటని నేను ఇన్నాళ్ళూ అన్వయం చెప్పి వదిలేసేదాన్ని. అది ఆ సామ్రాజ్యం తీరు చెప్పే మాట. పైగా కథేమో తమిళదేశపు గోదాదేవిది, అంకితం తిరుమల వేంకటేశ్వరుడికి. దక్షిణాది అంతా ఒక్క పుస్తకంలో ఉందని పిల్లలే అన్నారు. పక్కన నిలబడి వింటున్న అర్చకస్వామి, ఇదే స్వామిని నిలదీస్తూ కాసుల పురుషోత్తమ కవి చెప్పిన శతకం మకుటం గొంతెత్తి చదివారు. "చిత్ర చిత్ర ప్రభావ దాక్షిణ్యభావ" అనగానే మిగతాది సగం మంది పిల్లలు అందుకున్నారు. నాకు కళ్ళు చెమర్చాయి.

ఇక బస్సు సంగతి. ఘంటసాల వెళ్ళాలని ఏజెంటుకి ఫోన్‌లో రెండుసార్లు చెప్పాను, సరేనన్నాడు. తీరా గుడి బయటికి వచ్చాక డ్రైవరు జేబులోంచి కాగితం తీశాడు. అందులో శ్రీకాకుళం, కూచిపూడి అనే ఉన్నాయి. ఘంటసాల అయితే ఇంకో 2,500 అన్నాడు. ఏజెంటు ఫోన్ ఎత్తలేదు. ఎండలో పిల్లలు ముప్పావుగంట నిలబడ్డారు. ఎప్పుడూ గొంతు పెంచని మాస్టారు కూడా అరిచేశారు. చివరికి 1,500కి ఒప్పుకున్నాడు, ఇద్దరం జేబులోంచి వేసుకున్నాం. డబ్బు కన్నా పిల్లల ముందు జరిగిన ఆ బేరం నన్ను ఎక్కువ బాధపెట్టింది. చేసింది మోసమే.

ఘంటసాలలో బౌద్ధ స్తూపం దిబ్బ దగ్గర మాస్టారు మామూలుగా అయితే గంట చెప్పేవారు. పాతకాలపు గ్రీకు భూగోళ పండితుడు టాలమీ రాసిన కొంటకొస్సైల రేవు ఈ ఊరేనంటారు. ఆలస్యం వల్ల పావుగంటలో లేవాల్సి వచ్చింది.

చల్లపల్లిలో ఒక చిన్న మెస్‌లో భోజనం, ప్లేటు 90 రూపాయలు. ముద్దపప్పు, గోంగూర, గడ్డపెరుగు. వడ్డించే అమ్మ పిల్లల్ని "తిను నాన్నా" అంటూ మళ్ళీ మళ్ళీ పెట్టింది, పైసా ఎక్కువ అడగలేదు. అక్కడికి అందరి మొహాలూ తేటపడ్డాయి. తర్వాత క్షేత్రయ్య మువ్వ, కూచిపూడి చూసుకుని ఏడింటికి ఇంటికి చేరాం.

తెలుగు, సోషల్ టీచర్లు ఇద్దరూ కలిసి వెళ్ళండి, ఒక్కరే వెళితే సగం పాఠమే అవుతుంది. పద్యాలు జిరాక్స్ తీయించి తలా ఒకటి ఇవ్వండి. ఏకాదశి నాడు వద్దు, జనంలో పిల్లలకి ఏమీ వినపడదు. బస్సు కాగితం మీద ఆగే ప్రతి ఊరి పేరూ రాయించుకుని, సంతకం పెట్టించాకే అడ్వాన్సు ఇవ్వండి.