గోడ మీద పెద్ద బొమ్మ వేయిస్తున్నారా? అడ్వాన్సు ఇచ్చేముందు ఇది చదవండి

మహబూబ్‌నగర్, జడ్చర్ల, నల్లగొండ వైపు కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు చాలామంది హాల్లో ఒక గోడకు అచ్చం నిజంలా కనిపించే పెద్ద బొమ్మ వేయించుకుంటున్నారు. మేమూ వేయించాం. డబ్బు పోయింది, గోడా పాడైంది. ఇంకొకరికి ఇట్లా కావద్దని రాస్తున్నాను.

మేము అడిగింది మన మహబూబ్‌నగర్ దగ్గరి పెద్ద మర్రిచెట్టు, పిల్లలమర్రి బొమ్మ. మా అత్తమ్మకు ఆ చెట్టంటే ప్రాణం. ఊడలు, వాటి సందుల్లోంచి నేల మీద పడే ఎండ, అన్నీ ఫోటో తీసినట్టు ఉండాలని ముందే చెప్పాం. కాంట్రాక్టు మాట్లాడుకున్నతను ఫోన్‌లో చూపించిన బొమ్మలు చాలా బాగున్నాయి. చదరపు అడుగుకు 250 రూపాయలు. గోడ వెడల్పు 12 అడుగులు, ఎత్తు 10, అంటే 30 వేలు. అందులో 20 వేలు ముందే తీసుకున్నాడు.

పని రోజు అతను రాలేదు, ఇద్దరు పిల్లగాళ్లను పంపాడు. వాళ్లను నేను ఏమీ అనను, చెప్పిన పని చేశారు పాపం. కానీ ఇంత పెద్ద బొమ్మకు ముందు గోడ మీద గళ్లు గీసుకుంటారు, లేదా ప్రొజెక్టర్‌తో ఫోటోను గోడ మీద వేసుకుని గీతలు దించుకుంటారు. అప్పుడే కొలతలు కుదురుతాయి. ఇక్కడ రెండూ లేవు. ఫోన్ చూస్తూ చేత్తో గీసేశారు. ఊడలు కట్టిన తాళ్లలా వచ్చాయి. మా కిటికీ ఎడమ పక్కన ఉంటే, బొమ్మలో ఎండ కుడి నుంచి పడుతోంది. గదిలో వెలుగు ఎటు నుంచి వస్తుందో బొమ్మలోనూ అటు నుంచే రావాలి, లేకపోతే ఎంత బాగా వేసినా కంటికి అతికించినట్టే ఉంటుంది. వెలుగు ఎటు నుంచి వస్తుందని అడగని పెయింటర్‌కు పని ఇవ్వకండి.

అసలు మోసం రంగుల్లో జరిగింది. మాట్లాడుకున్నది యాక్రిలిక్ రంగులు, అంటే ఆరాక తడిగుడ్డతో తుడిచినా పోనివి. వాడింది చవక డిస్టెంపర్‌లో (సుద్ద కలిసిన గోడ రంగు) స్టెయినర్ (రంగు తెప్పించే చిక్కటి ద్రవం) సీసాలు ఒంపి కలిపిన రంగు. స్టెయినర్ కొద్దిగా కలిపితే ఫరవాలేదు, ముదురు రంగు కోసం ఎక్కువ పోస్తే సరిగ్గా ఆరదు. బొమ్మ ఆరిందని చెప్పి వెళ్లిన తర్వాత తడిగుడ్డతో ఒక మూల తుడిస్తే ఆకుపచ్చ రంగంతా గుడ్డకు వచ్చింది. ఫోన్ చేస్తే "తుడవద్దు కదా మేడమ్" అన్నాడు. చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో గోడ తుడవకుండా ఎట్లా ఉంటాం?

ఇంకొకటి, ఆ గోడకు అవతల బాత్రూం. చెమ్మ ఉందేమో చూడమని మేమే అడిగాం. చేత్తో తట్టి ఏం కాదన్నాడు. వానలు మొదలయ్యాక కింద లప్పం పొంగి పెచ్చులు లేచాయి. మన వైపు చాలా ఇళ్లకు ప్లాస్టింగ్, క్యూరింగ్ (సిమెంటు గట్టిపడేదాకా తడపడం) బోరు నీళ్లతోనే. ఆ నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే చెమ్మ తగిలినప్పుడల్లా గోడ మీద తెల్లటి పొడి తేలుతుంది, దాని మీద ఏ రంగూ నిలవదు. పాలిథిన్ కవరు ఒకటి గోడకు నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి మరునాడు తీసి చూడండి. లోపలి వైపు తడి కనిపిస్తే ముందు లీకేజీ సంగతి చూడాలి, బొమ్మ తర్వాత. కొత్త ప్లాస్టింగైతే కనీసం 28 రోజులు ఆగి, పూర్తిగా ఆరాక ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) కొట్టించాలి.

ఫోన్‌లో ఫోటోలు ఎవరివైనా కావచ్చు. వాళ్లు బొమ్మ వేసిన ఇల్లు ఒకటి చూపించమనండి, అదీ ఒక వానాకాలం గడిచిన ఇల్లు. ఏ కంపెనీ రంగు, బ్రష్ పట్టేది ఎవరు, పైన వార్నిష్ పూత ఉందా లేదా, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. సగానికి మించి అడ్వాన్సు అడిగితే వద్దని చెప్పండి. ముందుగా రెండడుగుల ముక్క వేయించి, బాగా ఆరాక తడిగుడ్డతో తుడిచి చూడండి.

మేము వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. ఫోన్‌లో డబ్బు పంపిన రసీదులు, వాట్సాప్ మాటలు, గోడ ఫోటోలు తీసిపెట్టాం.

అతను ఇప్పుడు మిర్యాలగూడ వైపు పనులు ఒప్పుకుంటున్నాడని తెలిసింది. అటు ఎవరైనా ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే, బ్రష్ గోడకు తగలకముందే సీలు తీయని రంగు డబ్బాలు మీ కళ్ల ముందు పెట్టమనండి.